ఆరు గంటల కార్డు

ఆరు గంటలకు ఫోక్ మేస్త్రీ తలుపు పక్కనున్న గడియారప్పెట్టె ముందు నిలబడి, పన్నెండు హాజరు కార్డులూ పేకముక్కల్లా చేత్తో పట్టుకుని, ఒక్కొక్కటే దాని నోట్లో పెట్టేవాడు. పన్నెండుసార్లు టంగుమనేది. పన్నెండో టంగుతో టార్చిలైటు ఫ్యాక్టరీ ప్రెస్సు గదిలోని ఆడవాళ్ళందరూ ఇళ్ళకు వెళ్ళిపోయినట్టు లెక్క. తర్వాత అతను దీపాల వెలుతురు బయటికి కనపడకుండా కిటికీలకు గోనెపట్టాలు దించేవాడు. వాళ్ళు మళ్ళీ ప్రెస్సులు తొక్కడం మొదలుపెట్టేవారు.

ఆడవాళ్ళ చేత రోజుకు పది గంటలకు మించి పని చేయించరాదని సర్కారు వారు కొత్త చట్టం తెచ్చారు. గేటు దగ్గర ఇంగ్లీషులోనూ మన చీనా అక్షరాల్లోనూ పెద్ద కాగితం అంటించారు. ఆ కాగితం రాకముందు తొమ్మిది దాకా పనే, వచ్చాక కూడా తొమ్మిది దాకా పనే. దానివల్ల వచ్చిన తేడా ఒక్కటే. ముందు ఆ మూడు గంటలు ఉండేవి, ఇప్పుడు లేవు.

లేని గంటల్లో మనిషికి ఏమైనా జరిగితే అది కూడా జరగనట్టేనని సావ్‌పింగ్‌కు ఆ బుధవారం ఉదయం తెలిసింది. ఆమె వచ్చేసరికి ఏడో నంబరు ప్రెస్సు కిరసనాయిలుతో కడిగి ఉంది. మిగతావన్నీ జిడ్డోడుతుంటే అదొక్కటే కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది. చేతులకు అడ్డంగా ఉండాల్సిన ఇనప జాలీ కిందికి దిగి ఉంది. జాలీ ఉంటే పని చురుగ్గా సాగదని అందరూ దాన్ని తీగతో పైకి కట్టేస్తారు. కట్టకపోతే కట్టమనేది మేస్త్రీయే. ఆ జాలీ దిగి ఉండగా చూడటం సావ్‌పింగ్‌కు అదే మొదటిసారి.

ఏడో నంబరు లిన్‌తాయ్‌ది, ఎనిమిదో నంబరు సావ్‌పింగ్‌ది. నాలుగేళ్ళుగా పక్కపక్కనే కూచుని ఇద్దరూ టార్చిలైటు తలకాయలు నొక్కుతున్నారు. కుడిచేత్తో ఇత్తడి బిళ్ళను అచ్చులో పెట్టడం, కాలితో తొక్కడం, గిన్నెలా వంగిన ముక్కను ఎడమచేత్తో తీసి బుట్టలో పారెయ్యడం. పెట్టు, తొక్కు, తియ్యి. ఆరు దాటాక కళ్ళు వాటంతటవే వాలిపోతాయి. అందుకని వాళ్ళిద్దరికీ ఒక ఒప్పందం ఉంది. ఒకరి ప్రెస్సు చప్పుడు తాళం తప్పిందంటే రెండోవాళ్ళు బల్ల కిందనుంచి కాలు చాచి మడమ మీద రెండుసార్లు తట్టాలి.

నిన్న ఏడో నంబరు తాళం తప్పింది. సావ్‌పింగ్ కాలు కదల్లేదు. ఎందుకంటే ఆమె కూడా కునుకులోనే ఉంది. లిన్‌తాయ్ కేకతోనే ఆమెకు మెలకువ వచ్చింది.

"వినండమ్మా," అన్నాడు ఫోక్ మేస్త్రీ, అందరూ కూచున్నాక. "నిన్న ఆరింటికి అందరూ కార్డు కొట్టి ఇళ్ళకెళ్ళారు. లిన్‌తాయ్ కూడా వెళ్ళింది. మళ్ళీ ఎనిమిదింటికి అన్నం డబ్బా మర్చిపోయానని తిరిగొచ్చి, ఎవరూ లేరు గదా అని తనే మిషను తొక్కింది. ఎందుకు తొక్కిందో మనకేం తెలుసు?"

"ఎవరూ లేనప్పుడు దాన్ని ఆస్పత్రికి మోసుకెళ్ళింది ఎవరయ్యా, దెయ్యమా?" అంది మోయ్ పిన్ని. ఆ గదిలో వయసులో ఆవిడే పెద్ద, నోరు కూడా పెద్దదే.

"నేను. నేను ఆరు తర్వాత ఉండొచ్చు. మగాణ్ణి కదా, నాకు చట్టం లేదు. చట్టమంతా మీకే పెట్టారు, అదృష్టవంతులు."

ఎవరో కిసుక్కుమన్నారు. అతను ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు.

"లేబరాఫీసు దొర వస్తాడు. ఎవర్నడిగినా ఇదే మాట రావాలి. ఆఫ్రికా ఓడ ఎక్కాల్సిన సరుకు ఇంకా సగం అలాగే పడుంది. పండగ పది రోజుల్లోకి వచ్చింది. పండగెళ్ళాక యజమాని భోజనం పెడతాడు. కోడి ఎవరి గిన్నెలో వాలుతుందో అది మీ నోళ్ళను బట్టే ఉంటుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొత్త సంవత్సరం సెలవులయ్యాక పని మొదలుపెట్టే రోజున యజమాని పెట్టే విందులో కోడి ముక్క ఎవరి గిన్నెలో వడ్డిస్తారో, వాళ్ళు మర్నాటి నుంచి రానక్కర్లేదు. పండగ పూట నోరు తెరిచి పొమ్మనడం అమంగళం. అందుకని ఆ మాట కోడి చేత చెప్పిస్తారు. మన పెద్దవాళ్ళు ఎంత మర్యాదస్తులో చూడండి.

*

మర్నాడు మధ్యాహ్నం అన్నం గంటలో సావ్‌పింగ్ అన్నం మానేసి బస్సెక్కి ఆస్పత్రికి పరుగెత్తింది. లిన్‌తాయ్ వరండాలో వేసిన మడతమంచం మీద ఉంది. కట్టు కట్టిన కుడిచెయ్యి ఆకులో చుట్టి ఉడికించిన అన్నం ముద్దలా ఉంది.

ఎన్ని పోయాయని అడగడానికి సావ్‌పింగ్‌కు నోరు రాలేదు. లిన్‌తాయే చెప్పింది.

"మూడక్కా. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. అన్నం తినే పుల్లలు పట్టుకోడానికి పనికిరావు, చెవి గోక్కోడానికి పనికొస్తాయి."

"ఊరుకోవే."

"మా అమ్మకు ఉత్తరం రాసేవాళ్ళెవరికీ చెప్పకు. సరిహద్దవతల మా ఊళ్ళో తినడానికి లేక ఆకులు ఉడకేసుకుంటున్నారట. నేను పంపే నూనె డబ్బా కోసం నెల మొదట్నించీ పోస్టాఫీసు మెట్ల మీదే కూచుంటుందట ఆవిడ." ఆమె ఎడమచేత్తో దుప్పటి అంచును మడతపెట్టి మళ్ళీ విప్పింది. "నర్సమ్మ చెప్పింది, పనిలో ఉండగా జరిగితే నష్టపరిహారం ఇస్తారట. పనిలోనే ఉన్నానని ఒక్కరైనా చెప్పాలట. నువ్వు చెబుతావుగా?"

సావ్‌పింగ్‌కు కోడి గుర్తొచ్చింది. ఇంట్లో అత్త గుర్తొచ్చింది. ఆ ఇంట్లో సంపాదించేది తనొక్కతే.

"చెబుతాను," అంది.

"నాకు తెలుసు." లిన్‌తాయ్ దుప్పటి అంచు వదిలేసింది. "అక్కా, ఒక్కటడుగుతాను. ఆరోజు నువ్వు తట్టావా?"

నర్సు ఎవరి మంచం దగ్గరో గిన్నె చప్పుడు చేసింది. సావ్‌పింగ్ అటు తిరిగింది.

"తట్టాను. రెండుసార్లూ తట్టాను."

"అనుకున్నా. మొద్దునిద్ర నాది. నక్కలెత్తుకుపోయినా నాకు తెలియదని అమ్మ చిన్నప్పట్నించీ అనేది." అంటూ నవ్వింది కూడా.

తిరుగు బస్సులో సావ్‌పింగ్ కడ్డీ పట్టుకుని నిలబడింది. కూచునే చోటు ఉన్నా కూచోలేదు. తట్టలేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. వేళ్ళు పోయిన మనిషి ముందు అబద్ధమాడిన నోరది. అలాంటి నోటికి ఇక అన్నం పెట్టకూడదనిపించింది. ఆ అబద్ధాన్ని కడుక్కోవాలంటే దొర ముందు నిజం చెప్పడమొక్కటే దారి. ప్రెస్సు గదికి చేరేసరికి ఒంటిగంటకు రెండు నిమిషాలుంది. బిళ్ళ పెట్టింది, తొక్కింది, తీసింది.

ఇంట్లో అత్త పండగకు నువ్వులుండలు చుడుతోంది. ప్రభుత్వం కట్టించిన గదుల్లో ఒక గది వాళ్ళది. పొయ్యి బయట నడవాలోనే. కోడలు సంగతంతా చెప్పేదాకా ఆవిడ తలెత్తలేదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది అత్త చివరికి. "దాని వేళ్ళు పోతే అది చెప్పుకుంటుంది. మధ్యలో నువ్వెవరు?"

"అది చెబితే నమ్మరత్తా. చూసినవాళ్ళు చెప్పాలి."

"నువ్వు చూశావా? నిద్రపోయానని నువ్వే అన్నావుగా నాతో."

సావ్‌పింగ్ చేతులు కడుక్కుంది. కూచుని తనూ రెండు ఉండలు చుట్టింది. అవి వంకరగా వచ్చాయి. అత్త వాటిని మళ్ళీ విప్పి సరిగ్గా చుట్టింది.

"ఆ కోడి ముక్క నీ గిన్నెలో పడిన్నాడు మనిద్దరం ఈ నువ్వులే తింటూ కూచోవాలి," అంది. "చెప్పాలనుంటే చెప్పు. నేనేం ఆపను. నేనాపితే ఆగే మొహమా నీది?"

*

రేపు వస్తాడని మేస్త్రీ చెప్పిన దొర ఒకరోజు ముందు, ఆ రోజే వచ్చేశాడు. పొడవాటి మనిషి, మెడ ఎండకు కందిపోయి ఉంది. వెంట మనవాడే ఒక కుర్ర దుబాసీ, జేబులో రెండు కలాలు పెట్టుకుని వచ్చాడు. దొర ప్రెస్సు గదంతా తిరిగాడు. జాలీలన్నీ దిగి ఉన్నాయి. కిటికీ దగ్గర ఆగి, పైకి చుట్టి ఉన్న గోనెపట్టాను వేలితో తాకి ఏదో అడిగాడు.

"ఎండండీ," అన్నాడు ఫోక్ మేస్త్రీ. "మధ్యాహ్నం ఎండ భరించలేరు ఆడవాళ్ళు."

ఆ కిటికీ ఉత్తరం వైపుది. ఎదురుగా చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఇంకో ఫ్యాక్టరీ గోడ ఉంది. దొర తలూపి రాసుకున్నాడు.

పదకొండు మందినీ ఒక్కొక్కరినే యజమాని గదిలోకి పిలిచారు. ఒక్కొక్కరూ టీ చల్లారే లోపు బయటికి వచ్చేస్తున్నారు. మోయ్ పిన్ని బయటికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా తన ప్రెస్సు దగ్గర కూచుని చింకి బట్టతో అచ్చు తుడవసాగింది. అంత నోరున్న మనిషి కూడా ఏం చెప్పిందో ఆ తుడవడంలోనే తెలిసింది.

సావ్‌పింగ్ లోపలికి వెళ్ళింది. గోడవారన యిప్ యజమాని కూచుని ఉన్నాడు. ఆయనను బయటికి వెళ్ళమని ఎవరూ అనలేదు.

"ఆ రోజు మీరు ఎన్నింటికి ఇంటికెళ్ళారు?" అన్నాడు దుబాసీ.

"తొమ్మిదికి వెళ్ళాల్సింది. ఎనిమిదికి లిన్‌తాయ్ వేళ్ళు తెగాయి. నేల కడిగి వెళ్ళేసరికి పదయింది."

దుబాసీ కలం ఆగింది. యజమాని టీ కప్పు కింద పెట్టలేదు, పైకెత్తనూ లేదు.

"కార్డు మీద ఆరని ఉందే?"

"కార్డులు మేస్త్రీ కొడతాడు. మేము ప్రెస్సుల దగ్గరే ఉంటాం. రోజూ అంతే."

"దానికి రుజువేమైనా ఉందా?"

ఆమె ఐదు రోజులుగా పని చేస్తూ, తొక్కుతూ, ఆలోచించుకున్న మాట అది. "కార్డులన్నీ పక్కపక్కన పెట్టి చూడండి బాబూ. పన్నెండింటి మీదా ఒకటే నిమిషం ఉంటుంది. ఏ రోజువి తీసినా అంతే. పన్నెండు మంది ఆడవాళ్ళు ఒకే నిమిషంలో ఆ ఇరుకు తలుపులోంచి ఎలా బయటికెళ్తారు? ఒకత్తి చెప్పులు వెతుక్కోదా? ఒకత్తి నీళ్ళు తాగదా?"

దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. దొర మొదటిసారిగా ఆమె మొహంలోకి చూశాడు. కార్డులు తెప్పించి బల్ల మీద వరసగా పరిచాడు. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూశాడు.  వేలు పన్నెండో కార్డు దాకా వెళ్ళి ఆగింది. అతను ఏదో అన్నాడు.

"చాలా క్రమశిక్షణ గల ఫ్యాక్టరీ అంటున్నారు," అన్నాడు దుబాసీ.

"అది కాదు బాబూ..."

"ఇంకొకటి." దుబాసీ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. కింద నీలం సిరాలో వేలిముద్ర ఉంది. "నిన్న ఆస్పత్రిలో ఇచ్చిన వాంగ్మూలం. గాయపడిన ఆవిడదే. ఆరింటికి ఇంటికెళ్ళాను, అన్నం డబ్బా కోసం తిరిగొచ్చాను, నా అంతట నేనే మిషను తొక్కాను, తప్పు నాదే అని చెప్పింది. ఎడమచేతి వేలిముద్ర, చూడండి. కార్డు ఒకటే చెబుతోంది, పది మంది ఒకటే చెబుతున్నారు, వేళ్ళు పోయినావిడా అదే చెబుతోంది. మీ ఒక్కరి మాట పట్టుకుని దొరగారు ఏం రాయాలి?"

ఆ వేలిముద్రలో గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఇత్తడి రజను గీసిన అడ్డగీతలు. అవి ఎవరివో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు.

"రాయకండి," అంది సావ్‌పింగ్.

వెళ్ళేముందు దొర ఒక సలహా ఇచ్చి వెళ్ళాడు. ఇలా ఎవరూ తిరిగి లోపలికి రాకుండా ఆరు దాటాక తలుపుకు తాళం వెయ్యాలన్నాడు. మంచి సలహా. ఆ సాయంత్రమే ఫోక్ మేస్త్రీ పదకొండు టంగులు కొట్టి, గోనెపట్టాలు దించి, బయటినుంచి తాళం వేశాడు. వాళ్ళు లోపలే ఉన్నారు.

"ఒదినా," అన్నాడు తాళం వేయబోతూ, సావ్‌పింగ్ వైపు చూసి. "ఎవరికోసం సాక్ష్యం చెప్పావో ఆవిడే నీ సాక్ష్యాన్ని కొట్టేసింది. ఎంత చోద్యం!"

పక్కనున్న ఏడో నంబరు ఖాళీగా ఉంది. ఆ రోజు నుంచి సావ్‌పింగ్‌తో ఎవరూ మాట్లాడలేదు. కోపంతో కాదు. కోడి ఎటు వాలుతుందో అందరికీ తెలిసిపోయింది. వాలే చోటికి దగ్గరగా ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. ఆమె కూడా ఎవరినీ పలకరించలేదు. కళ్ళు వాలినప్పుడు తట్టే కాలు లేదు కాబట్టి పెదవి కొరుక్కుంటూ తొక్కింది. పండగ నాటికి కింది పెదవి పుండుపడింది.

*

పండగ మూడు రోజులూ అత్త చెడ్డమాట నోట రానివ్వలేదు, అదృష్టం పోతుందని ఇల్లు ఊడ్వనివ్వలేదు. నాలుగో రోజున కోడలికి ఉతికిన నీలం చొక్కా ఇస్తూ, "కడుపు నిండా తినిరా," అంది. 

ప్రెస్సు గది పక్కనున్న సామాన్ల కొట్టులో పెద్ద గుండ్రటి బల్ల వేశారు. చేప, ఎండుగుల్లలు, పుట్టగొడుగులు ఘుమఘుమలాడుతున్నాయి. వంటింటి గుమ్మంలో తెల్ల పైగుడ్డ కట్టుకుని లిన్‌తాయ్ నిలబడి ఉంది. కట్టు విప్పేశారు. కుడిచేతిని పైగుడ్డ కింద దాచుకుంది.

"అక్కా! కొత్త సంవత్సరం కలిసిరావాలి," అంది.

"నీకూ కలిసిరావాలి." సావ్‌పింగ్ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. "ఎందుకు వేశావే వేలిముద్ర?"

"నీకు చెబుదామనే అనుకున్నా. దొర ఒకరోజు ముందే వచ్చేశాడుగా." లిన్‌తాయ్ నేల చూపులు చూస్తూ గబగబా మాట్లాడింది. "యజమాని ఆస్పత్రికి నారింజలు పట్టుకొచ్చాడు. కేసంటే ఏడాది పడుతుందన్నాడు, ఓడిపోతే ఏమీ రాదన్నాడు. ఇక్కడి వంటింట్లో పనికి పెట్టుకుంటానన్నాడు, ఎన్నాళ్ళైనా. ఈ చేత్తో నన్నింకెవరు పెట్టుకుంటారు చెప్పు? మా అమ్మ ఏడాదిపాటు మెట్ల మీద కూచుంటుందా?"

"నాకు తెలిస్తే నేనెందుకు..."

"అయినా తప్పు నాదే కదక్కా. నువ్వు తట్టావు, నేనే లేవలేదు. తప్పు నాదైనప్పుడు ఆయన మీద కేసెలా పెట్టను? అదే ఆలోచించుకుని వేశాను వేలిముద్ర."

సావ్‌పింగ్ నోరు తెరిచింది. పుండుపడ్డ పెదవి చిట్లి ఉప్పగా తగిలింది. తను చెప్పాల్సిన మాట గొంతులోకి వచ్చేసింది.

"పళ్ళేలు పట్టుకురావే లిన్‌తాయ్!" అని అరిచాడు ఫోక్ మేస్త్రీ. లిన్‌తాయ్ లోపలికి పరుగెత్తింది.

అందరూ కూచున్నారు. కోడి వచ్చింది. ముక్కలు చేసి, మళ్ళీ కోడిలాగే పేర్చి, పైన తలకాయ పెట్టారు. పళ్ళేన్ని మోయ్ పిన్ని తన ముందు నుంచి కొంచెం పక్కకు జరిపింది. యజమాని లేచి అందరికీ ఆయురారోగ్యాలు కోరాడు, ఆఫ్రికా ఓడ వేళకు బయల్దేరిందని మెచ్చుకున్నాడు, కూచున్నాడు. తినే పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. బల్ల చుట్టూ ఎవరూ నమలడం లేదు. ఆయన పుల్లలు మళ్ళీ కింద పెట్టాడు.

"లిన్‌తాయ్, ఇలా రామ్మా. మీ సావ్‌పింగ్ అక్కకు నువ్వే వడ్డించు. నీకోసం దొర ముందు ఎంత మాట్లాడిందో! మంచి తొడముక్క చూసి వెయ్యి."

లిన్‌తాయ్‌కి మొదట అర్థం కాలేదు. ఎడమచేత్తో పుల్లలు తీసుకుని ముక్కను పట్టింది. అది జారి పళ్ళెంలో పడి రసం చిందింది. ఎవరూ సాయం రాలేదు. మళ్ళీ పట్టింది. ముక్క పైకి లేచింది. గిన్నె మీదికి వచ్చేసరికి అర్థమైంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆమె అక్కడ లేదు.  యజమాని చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు.

ఇంకాసేపు అలాగే నిలబడితే లిన్‌తాయ్‌కు ఆ వంటింటి పని కూడా పోతుంది. సావ్‌పింగ్ బల్ల కింద కాలు చాచింది. పక్కనే నిలబడి ఉన్న లిన్‌తాయ్ మడమను వెతికి రెండుసార్లు తట్టింది.

లిన్‌తాయ్ ఉలిక్కిపడింది. నాలుగేళ్ళుగా ఎంత మత్తులో ఉన్నా ఆమెను లేపిన తట్టు అది. ఒక్కనాడూ లేపకుండా ఉన్నది లేదు. ఆమె మెల్లగా తల తిప్పి సావ్‌పింగ్ మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది.

"ఆరోజు నువ్వు తట్టలేదు," అంది, ఇంకెవరికీ వినపడకుండా.

సావ్‌పింగ్ కాదనలేదు. ముక్క జారిపోకుండా తన గిన్నెను రెండు చేతులతో పైకెత్తి, దగ్గరగా పట్టుకుంది.

"వెయ్యవే," అంది.

ముక్క గిన్నెలో పడింది. బల్ల చుట్టూ ఉన్న పది మందీ ఒక్కసారిగా ఊపిరి వదిలి పుల్లలు అందుకున్నారు.